హిమప్రాంతపు బొంకులు

గతమాసమున మా యింట జరిగిన యొక చిన్న సంగతితో నీ వ్యాసము నారంభించుచున్నాము. ఏడేండ్ల మా మనుమరాలు క్రొత్తగా కొనివచ్చిన యొక బొమ్మల పుస్తకమును ముందు వేసికొని కూర్చుండెను. అది ప్రకృతిని గూర్చి బాలలకు నిజములు తెలుపు పుస్తకమని యట్టమీద పెద్దయక్షరములతో నున్నది. లోపల మంచుగడ్డపై నొక తెల్లని యెలుగుబంటియు నొక పెంగ్విను పక్షియు మెడకు మఫ్లర్లు చుట్టుకొని, ఒకే గొడుగు క్రింద నిలిచియున్నవి. వాని వెనుక నొక మంచుగుడిసె. బాలిక కొంతసేపు చూచి, "తాతయ్యా, ఈ ఎలుగుబంటి ఆ పక్షిని తినదా?" అని యడిగెను. మేమేదో పనిలో నుండి, "తినదమ్మా, అవి రెండును స్నేహితులు" అంటిమి. ఆమె మరియొక ప్రశ్న వేయక పుట త్రిప్పెను.

తరువాత నాలోచింపగా మాకు సిగ్గు కలిగినది. ఆమె వేసినది ప్రకృతిశాస్త్రజ్ఞుడు వేయవలసిన ప్రశ్న. మేము చెప్పినది బొంకు. అదియు మేము కల్పించిన బొంకు గాదు, పుస్తకము మాకు నేర్పిన బొంకు. బంధుమిత్రుల యిండ్లలోను, అంగళ్లలోను దొరకిన యిట్టి పుస్తకములను, తెలుగువానిని ఇంగ్లీషువానిని గూడ, పిమ్మట పట్టుదలతో చదివితిమి. మంచివి లేకపోలేదు. కాని మాకంటబడినవానిలో పెక్కింటి తీరు మా యింటి పుస్తకము తీరే. బాలలకని వ్రాసిన మాత్రమున అసత్యము సత్యము కానేరదు. "ఇది నిజము" అని చెప్పి పిల్లవాని చేతి కిచ్చు పుస్తకమునందు అసత్యముండుట తల్లిదండ్రులు సహింపరాని యపచారమని మా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు గల కారణముల నిట విన్నవించుచున్నాము.

మొదట స్థలమును గూర్చిన బొంకు. ఉత్తరధ్రువప్రాంతము చుట్టును భూములు గల యొక సముద్రము. దక్షిణధ్రువప్రాంతము చుట్టును సముద్రము గల యొక ఖండము. తెల్ల ఎలుగుబంటి ఉత్తరమున నున్నది. పెంగ్వినులు దక్షిణార్ధగోళమున నున్నవి, గలపాగోస్ దీవులలోని యొక జాతి మాత్రము భూమధ్యరేఖ నించుక దాటినది. ఇరుధ్రువముల నడుమ దాదాపు 20,000 కిలోమీటర్ల దూరము గలదు. దీనిని "చిన్న పొరపాటు" అని త్రోసివేయువారు కలరు. కాని యీ చిన్న పొరపాటు వెనుక నెంత జ్ఞానము మరుగుపడుచున్నదో చూడుడు. అంటార్కిటికాలో నేలపై తిరుగాడు క్రూరమృగ మొక్కటియు లేదు. అందుచేతనే యెగురలేని యా పక్షులు వేలకొలదిగా గుమిగూడి, ఏ చాటును లేని నేలమీద గ్రుడ్లు పెట్టి బ్రతుకగలుగుచున్నవి. ఎలుగుబంటి లేకపోవుటయే పెంగ్విను జీవనవిధానమునకు మూలము. రెంటిని నొకే గొడుగు క్రిందికి తెచ్చిన చిత్రకారుడు పిల్లవానికి తప్పు బొమ్మను చూపుటయే గాక, "ఈ పక్షి యిట్లేల యున్నది?" అను ప్రశ్నకు గల సమాధానమును గూడ తుడిచివేసినాడు.

ఇంతకంటె విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. మా మనుమరాలి ప్రశ్నకు చరిత్రలో నిజమైన సమాధాన మున్నది. పెంగ్విను అను పేరు మొదట దక్షిణపు పక్షిది కాదు. ఉత్తర అట్లాంటిక్ దీవులలో గ్రేట్ ఆక్ అను పక్షి యుండెడిది. నల్లని వీపు, తెల్లని పొట్ట, రెండున్నర యడుగుల యెత్తు. ఎగురలేదు, కాని యీతలో గట్టిది. నావికులు దానినే పెంగ్విను అని పిలిచిరి. పిమ్మట దక్షిణసముద్రములకు పోయి యట్టి రూపము గల పక్షులను చూచి, ఆ పేరునే వీనికి నిచ్చిరి. 1534లో జాక్ కార్టియే అను ఫ్రెంచి నావికుడు న్యూఫౌండ్‌లాండు సమీపమున నీ పక్షులు నిండియున్న యొక దీవిని చేరెను. ఆ పక్షులను తినుటకై ప్రధానభూమినుండి ఎలుగుబంట్లు ఈదివచ్చుచున్నవనియు, తనవారికి తెల్లని ఎలుగుబంటి యొకటి యచ్చట కనబడెననియు నాతని యాత్రావృత్తాంతమున నున్నది. కావున, "ఎలుగుబంటి ఆ పక్షిని తినదా?" అని యడిగిన బిడ్డకు, "ఆ పేరు మొదట మోసిన పక్షిని తిన్నదమ్మా" అని మేము చెప్పవలసియుండెను.

అయితే ఎలుగుబంటి తిన్నందున నా పక్షి నశింపలేదు. మాంసమునకును, నూనెకును, పరుపులలోని యీకలకును మనుష్యులు దానిని తరతరములుగా గుంపులు గుంపులుగ చంపిరి. అది యరుదైన పిమ్మట, అరుదైనదను కారణముచేతనే, వస్తుసంగ్రహములకొరకు వెదకి చంపిరి. 1844 జూనులో ఐస్‌లాండు దగ్గరి ఎల్డే అను రాతిదీవిపై చివరి జంటను గొంతు నులిమి చంపిరి. వాని గ్రుడ్డు గూడ పగిలిపోయెను. ఆ పేరును వినోదమునకు వాడుకొనుచు, ఆ కథను దాచుట న్యాయమా? ఉత్తరమున పెంగ్విను ఏల లేదని యడుగు బిడ్డకు భూగోళపాఠముతో బాటు నీతిపాఠము గూడ నిందున్నది. గొడుగు బొమ్మ రెంటిని నపహరించినది.

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చునని యెరుగుదుము. "కథలలో జంతువులు మాటలాడవా? మన పంచతంత్రమును గూడ తగులబెట్టుదురా?" అని యడుగవచ్చును. అయ్యా, మేము కథలకు విరోధులము కాము. 1938లో అట్‌వాటర్ దంపతుల పేర వెలువడిన "పాపర్‌గారి పెంగ్వినులు" అను నవ్వుల కథలో ఇండ్లకు రంగులు వేయు నొక బీదవాని యింటికి పెంగ్విను వచ్చును. తుదకు పెంగ్వినులను ఉత్తరధ్రువప్రాంతమునకు గొనిపోవుటయు నా కథలో నున్నది. దానిపై మాకు కోపము లేదు. అది కథయని చదువు ప్రతి పిల్లవానికిని తెలియును. పంచతంత్రమునందలి కాకము మాటలాడును, కాని కాకములు తినునదే తినును. సింహము కొలువుతీరును, కాని గడ్డి మేయదు. మాటలాడు జంతువువలన బిడ్డ మోసపోడు. సత్యమను ముద్ర వేసి యిచ్చిన యసత్యమువలననే మోసపోవును. ఆ మోసము పెద్దలకును తప్పదు. 1936లో నార్వేవారు కొన్ని రాజపెంగ్వినులను దక్షిణమునుండి తెచ్చి తమ యుత్తరతీరమున విడిచిరి. అవి యచ్చట నిలదొక్కుకొనలేదు. కథలో సుఖాంతమైనది ప్రకృతిలో సుఖాంతము కాలేదు.

రెండవది శీలమును గూర్చిన బొంకు. పెంగ్వినులు ఏకపత్నీవ్రతులనియు, ఆదర్శదంపతులనియు పుటపుటను వర్ణనలు. చక్రవర్తి పెంగ్విను జాతి మగపక్షి యెముకలు కొరుకు చలికాలమున గ్రుడ్డును పాదములపై నిలుపుకొని రెండు నెలలకు పైగా పొదుగుట నిజము. గ్రుడ్డు పెట్టుటకు ముందునుండి లెక్కించిన నాలుగు నెలలకు దగ్గరగా నుపవసించుట నిజము. ఈ నిజము చాలదా? కాని యీ జాతిలో నధికభాగము మరుసటియేట వేరొక జతను చేరును. ఆ సంగతి మన పుస్తకములలో నుండదు. ఏలయన, మన మా పక్షిని పక్షిగా చూచుట లేదు. మన గృహధర్మమునకు సాక్షిగా బోనెక్కించుచున్నాము.

ఈ వాడుక క్రొత్తది గాదు. కెప్టెన్ స్కాటు బృందములోని వైద్యుడు జార్జి మరీ లెవిక్ 1911-12లో అడేర్ అగ్రమున నొక ఋతువంతయు అడేలీ పెంగ్వినులను పరిశీలించెను. మగపక్షుల సంయోగప్రవర్తనమున తనకు జుగుప్స కలిగించిన విషయములను కొన్నింటిని ఇతరులు చదువకుండ గ్రీకు లిపిలో వ్రాసికొనెను. 1914లో వెలువడిన యాతని గ్రంథమున నవి లేవు. వేరుగా నచ్చువేసిన చిన్నపత్రము నూరుప్రతులలో కొందరు పండితులకే చేరెను. తిరిగి 2012లో గాని యది లోకమునకు వెల్లడి కాలేదు. ఆ విషయములను బిడ్డలకు బోధింపుడని మే మనుట లేదు. ఏ వయస్సున కేది తగునో తల్లిదండ్రు లెరుగుదురు. చెప్పకుండుట వేరు, విరుద్ధముగా చెప్పుట వేరు. పక్షిని ఋషిని చేసిననాడే, ఆ ఋషిత్వమునకు సరిపడని వన్నియు దాచవలసిన యగత్యము పుట్టినది.

ఋషిని చేసినట్లే వెఱ్ఱివానిని చేయుటయు కలదు. లెమ్మింగు లను చిన్న యెలుకజాతి జీవులు ఉత్తరప్రాంతముల నున్నవి. అవి గుంపుగా పోయి కొండకొమ్మునుండి సముద్రములో దూకి యాత్మహత్య చేసికొనునని తరములుగా పిల్లలు నమ్మినారు. ఆ నమ్మకమును లోకమంతట వ్యాపింపజేసినది 1958లో డిస్నీ సంస్థవారు ప్రకృతిచిత్రమని ప్రదర్శించిన "వైట్ వైల్డర్‌నెస్" అను చలనచిత్రము. దానికి ఆస్కారు బహుమానము గూడ వచ్చినది. ఆ దృశ్యమును సముద్రమే లేని కెనడా దేశపు ఆల్బెర్టా రాష్ట్రమున, వేరొకచోట కొనితెచ్చిన లెమ్మింగులతో తీసిరనియు, వానిని మనుష్యులే త్రోసిరనియు 1980ల యారంభమున కెనడా ప్రసారసంస్థవారు బయటపెట్టిరి. పిల్లలకు ప్రకృతిని చూపుదుమని చెప్పి, ప్రకృతిలో లేనిదానిని కల్పించి, అందుకై ప్రాణులను చంపుట! నిజమేమన, లెమ్మింగుల సంఖ్య కొన్ని యేండ్లకొకసారి విపరీతముగా పెరిగి మరల పడిపోవును. వానితోబాటు వానిని తిను మంచుగుడ్లగూబల సంతానమును పెరిగి తరుగును. ఈ నిజము ఆ బొంకుకంటె నెంత యాశ్చర్యకరము!

మూడవది యాకలిని, మరణమును దాచుట. ఎలుగుబంటి తన రెండు పిల్లలతో నాడుకొనుచుండును. పెంగ్విను జారుడుబండ యాడుచుండును. ఎవ్వరును ఏమియు తినరు! ఎలుగుబంటి సీలును తిను జంతువు. ముఖ్యముగా రింగ్డ్ సీలు. ఆ సీలుతల్లి గడ్డకట్టిన సముద్రముపై మంచులో గుహ తొలిచి, యందు బిడ్డను కని దాచుకొనును. ఎలుగుబంటితల్లి పైనుండి వాసన పట్టి, ముందుకాళ్లతో నా గుహకప్పును కూల్చును. దాని వెనుక పాలులేక నకనకలాడు దాని పిల్లలు. ఒకరిది బిడ్డను దాచుకొను యత్నము, మరియొకరిది బిడ్డను బ్రతికించుకొను యత్నము. ఇందు దుష్టు లెవరు? ఈ రెండు తల్లుల కథను మెల్లగా చెప్పిన బిడ్డ యేడ్చునేమో. ఏడ్వనిండు. ప్రపంచమున నొకరి మేలు మరియొకరి కీడై యుండుట యెట్లో మొదటిసారి యాలోచించును. పెరటిలో కోడిపిల్లను గ్రద్ద తన్నుకొనిపోవుట చూచిన పిల్లలు మనవారు. వారు చావు నెరుగరని యనుకొనుట మన భ్రమ. చావు నెరిగిన బిడ్డకు చావులేని లోకమును చూపినయెడల, వాడు పుస్తకమును నమ్ముట మానును, లేదా తన కన్నులను నమ్ముట మానును. రెండును నష్టములే.

అందమైనవానిని మాత్రమే చూపుట గూడ నీ దోషములో భాగమే. అంటార్కిటికా నేలపై సంవత్సరము పొడుగునను నివసించు జంతువులలో కెల్ల పెద్దది యేదని మీ పిల్లల నడుగుడు. పెంగ్విననియే చెప్పుదురు. కాని పెంగ్విను తిండి సముద్రములోనిది. పూర్తిగా నేలనే నమ్ముకొన్నవానిలో పెద్దది యొక రెక్కలు లేని పురుగు. పొడవు రెండు మొదలారు మిల్లీమీటర్లు. 1897-99లో నచ్చట చలికాలము గడపిన బెల్జికా అను నౌక పేరే దాని శాస్త్రనామ మైనది. అది రెండు చలికాలములు మంచుక్రింద చిన్నపురుగుగా గడపి, రెక్కలురాని యీగయై పదిదినములపాటు బ్రతికి, గ్రుడ్లుపెట్టి చచ్చును. రొయ్యను బోలిన, చిటికెనవ్రేలంత క్రిల్లు లేకున్న తిమింగలమును లేదు, పెంగ్వినును లేదు. ఆ క్రిల్లునకు శీతకాలమున నాహారము మంచుగడ్డల యడుగున బట్టు సూక్ష్మమైన పాచి. వీనికి మఫ్లరు కట్టుట సాధ్యము గాదు గనుక మన పుస్తకములలో వీనికి చోటు లేదు.

నాల్గవది, మిక్కిలి ఘోరమైనది, మనుష్యుని దాచుట. మా యింటి పుస్తకములో మంచుగుడిసె యున్నది గాని యందు మనుష్యుడు లేడు. ఆ గుడిసె ఇనూయిట్ జాతివారి కౌశలము. వారిలోను అందరిది గాదు, ముఖ్యముగా కెనడా ప్రాంతపువారు శీతకాలమునను వేటప్రయాణములందును కట్టుకొనునది. ఆర్కిటిక్ ప్రాంతమున నేడు దాదాపు నలుబది లక్షల ప్రజలు పట్టణములలోను పల్లెలలోను నివసించుచున్నారు. బడులు, దుకాణములు, దేవాలయములు గలవారు. వారి యింటిని దీసికొనిపోయి, మూలవాసు లెవ్వరును లేని దక్షిణఖండమున పెంగ్వినుకు కట్టబెట్టినాము. మన పల్లెటూరి పూరింటిని పరదేశపు పుస్తకములో నొక కంగారుజంతువునకు నివాసముగా జూపిన మనమేమందుము?

మనుష్యుని సుకృతమును దాచినట్లే దుష్కృతమును గూడ దాచుచున్నారు. ఇరువదవ శతాబ్దమున దక్షిణసముద్రమున చంపబడిన నీలితిమింగలములు మూడులక్షలకు పైబడినవి. భూమిపై పుట్టిన ప్రాణులలోకెల్ల పెద్దదానిని సబ్బునకును వెన్నవంటి కొవ్వుపదార్థములకును ఖర్చు చేసితిమి. తిమింగలముల వ్యాపారపు వేటను నిలుపుటకు 1982లో నిర్ణయము జరిగి, 1986లో నమలునకు వచ్చినది. ఎలుగుబంట్ల రక్షణకు 1973లో నైదు దేశము లొడంబడిక చేసికొనినవి. అంటార్కిటికాలో గనులు త్రవ్వరాదని 1991లో నిబంధన మేర్పడినది. తప్పు చేసినవాడు మనుష్యుడే, తప్పు దిద్దుకొనుటకు పూనినవాడును మనుష్యుడే. ఇంతకంటె బిడ్డలకు ధైర్యమిచ్చు కథ యేది? కాని తప్పును చూపని పుస్తకము దిద్దుబాటును జూపజాలదు.

మంచు కరగుచున్నదని చెప్పు పుస్తకములు ఇటీవల వచ్చుచున్నవి. సంతోషమే. కాని వానిలో ననేకములు చివరిపుటలో నొక కన్నీరు కార్చు ఎలుగుబంటిని వేసి, "దీపములార్పుము, దానిని రక్షింపుము" అని యేడేండ్ల బిడ్డ నెత్తిన లోకభారము పెట్టి ముగించుచున్నవి. కారణము చెప్పరు. సీలును పట్టుటకు ఎలుగుబంటికి మంచువేదిక కావలెనని, వేసవిలో నది త్వరగా విరిగి యాలస్యముగా గట్టినకొలది దాని యుపవాసము పెరుగునని చెప్పవలదా? తెల్లనిమంచు సూర్యకాంతిని త్రిప్పికొట్టుననియు, నల్లని నీరు వేడిని త్రాగుననియు, అందుచే కరగుటయే మరికొంత కరగుటకు హేతువగుననియు చెప్పిన గ్రహింపని బిడ్డ కలడా? 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రతీరమున నైదు చక్రవర్తి పెంగ్విను నివాసములలో నాల్గింట, నీటికి తాళు ఈకలు రాకమునుపే క్రిందిమంచు విరిగిపోయి, ఆ యేటి పిల్లలు దక్కలేదని ఉపగ్రహచిత్రములవలన తెలిసి 2023లో ప్రకటించిరి. దుఃఖము కలిగించు వార్తయే. కాని కారణముతో గూడిన దుఃఖము వివేకమగును. కారణములేని దుఃఖము బెంగ యగును.

"మాకీ దూరదేశపు గొడవ యేల?" అనువారికొక్కమాట. 1981లో బయలుదేరిన బృందముతో మొదలిడి మన దేశపు శాస్త్రజ్ఞులు అంటార్కిటికాకు పోవుచునే యున్నారు. 1989లో మైత్రియు, 2012లో భారతియు నచ్చట మన పరిశోధనాలయములుగా నేర్పడినవి. ఉత్తరమున 2008లో హిమాద్రి స్థాపింపబడినది. నేడు మన యిండ్ల బొమ్మలపుస్తకములు చూచు పిల్లలలో రేపచ్చటికి పోవలసినవా రుండవచ్చును. వారికి గొడుగుక్రింది ఎలుగుబంటినా చూపి పంపుదుము?

నిజము కొరకు మనుష్యులెంత కష్టపడిరో యొక్క నిదర్శనము చెప్పి ముగించెదము. 1911లో, దక్షిణపు నడిచలికాలపు చీకటిలో, విల్సను, బవర్సు, చెర్రీ-గారార్డు అను మువ్వురు చక్రవర్తి పెంగ్విను గ్రుడ్లకొరకు క్రోజియర్ అగ్రమునకు బండ్లు లాగుకొని నడచిరి. చలి సున్నకు దిగువ అరువది డిగ్రీల వరకు పోయెను. గాలివాన వారి గుడారమును కొట్టుకొనిపోయెను. దైవవశమున నది తిరిగి దొరకినది. అయిదు గ్రుడ్లు తీసికొనగా మూడు దక్కెను. పక్షులకును సరీసృపములకును గల సంబంధము గ్రుడ్డులోని పిండమున దెలియునేమో యని వారి యాశ. వారిలో నిద్దరు మరుసటియేడు స్కాటుతో బాటు మరణించిరి. మిగిలినవాడు 1913లో నా మూడు గ్రుడ్లను లండనులోని ప్రదర్శనశాలకు స్వయముగా నప్పగించెను. తుదకు వానివలన వారాశించిన సంగతి తేలలేదు. అయినను, తేలలేదని నిజము చెప్పిరి. మూడు గ్రుడ్లను గూర్చి నిజము తెలిసికొనుటకు మువ్వురు ప్రాణముల నొడ్డిన చోటును గూర్చి, వెచ్చని గదిలో కూర్చుండి నోటికి వచ్చినది వ్రాయుటకు మనకు చేతులెట్లు వచ్చుచున్నవి?

కావున, గృహిణులారా, గృహస్థులారా, పుస్తకము కొనుటకు ముందొక గడియ దానిని మీరే చదువుడు. ఈ జంతు వెచ్చట నుండునో చెప్పినదా? ఏమి తినునో, దాని నేది తినునో చెప్పినదా? అచ్చటి మనుష్యులను చూపినదా? మనుష్యుడు చేసిన కీడును మేలును చెప్పినదా? చెప్పనియెడల వెల యెంత తక్కువయైనను, బొమ్మ లెంత యందమైనను కొనకుడు. ప్రకాశకులకు వ్రాయుడు. కొనువాడు వలదన్న వస్తువును అమ్మువాడు చిరకాలము చేయడు. వ్రాయశక్తి గలవారు మంచి పుస్తకములు వ్రాయుడు. ధ్రువమంత దూరము పోజాలనివారు పులికాటు కొంగలను గూర్చి వ్రాయుడు, కాని నిజము వ్రాయుడు.

మా మనుమరాలి దగ్గరకు మరునాడు పోయి, "నిన్న నేను చెప్పినది తప్పమ్మా" అని యొప్పుకొంటిమి. గోళమును ముందుంచి రెండు ధ్రువములను చూపి, ఎల్డే దీవి కథవరకు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ పక్షులు ఇద్దరే మిగిలినారని చంపినవాళ్లకు తెలుసా, తాతయ్యా?" అని యడిగెను. తెలియదనియే మా తలంపు. అదే చెప్పితిమి. ఆమె యిప్పుడు రోజున కొక ప్రశ్నతో వచ్చుచున్నది. సమాధానములకై మేము గ్రంథములు వెదకుకొనుచున్నాము.